చీము పట్టిన మోకాలు, మాట పడ్డ మనసు

ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషి కంచంలో పప్పు వెయ్యరు. ఉదయగిరి మెట్టలోనైనా ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఒకటే మాట, పప్పు తింటే చీము పడుతుందని. వంకాయ, గోంగూర కూడా ఆ వరసలోనివే. కుట్లు విప్పేదాకా చారన్నం, బ్రెడ్డు, పాలు. మామూలు గాయాలకు ఈ పథ్యంతో పెద్ద నష్టం కనిపించదు, ఎలాగోలా మానిపోతాయి. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లలో మాత్రం నూటికి ఒకరికో ఇద్దరికో కీలు లోపల నిజంగానే చీము పడుతుంది. అప్పుడు పలకరించడానికి వచ్చిన పక్కింటామె వాకిట్లోంచే అడిగే మాట ఇది: "పప్పుగాని తిన్నావా ఏందక్కా?"

కీలు మార్పిడి తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్ గురించి వైద్యులు రాసింది కొండంత ఉంది. ఏ సూక్ష్మజీవి, ఏ మందు, ఎన్ని వారాలు, ఎన్ని ఆపరేషన్లు అన్నదంతా అందులో దొరుకుతుంది. అది వచ్చిన మనిషి లోలోపల ఏమవుతుందన్న విషయం మీద పని అంతకంటే చాలా తక్కువ. ఆ కాస్త కూడా ఎక్కువగా ఇంగ్లండు, స్వీడన్, అమెరికా ఆసుపత్రుల్లో జరిగింది. ఆ ఫలితాలను నెల్లూరు జిల్లా పడమటి మండలాల బతుకు పక్కన పెట్టి చదివితే నాకు అర్థమైంది ఒక్కటే. నొప్పి, ఖర్చు, ప్రయాణం ఎంత పెద్దవైనా మనిషి మోస్తుంది. ఆమెను విరిచేసేది "నీవల్లే అయింది" అన్న నింద. పైకి అన్నా అనకపోయినా అది ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది.

ఈ ప్రాంతపు మోకాళ్లకు ఒక చరిత్ర ఉంది. నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను పాడు చేస్తోందని మన దేశంలో మొదట వైద్య పత్రికలకెక్కింది నెల్లూరు జిల్లా నుంచే. 1937లో షార్ట్, ఆయన సహచరులు రాసిన ఆ వ్యాసంలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లాయి. కనిగిరికి దక్షిణాన ఉన్న ఉదయగిరి మెట్టలోనూ బోరునీళ్లకు ఆ పీడ ఉంది. ఫ్లోరైడ్ వల్ల కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగదు. దానివల్ల కీలులో చీము పడదు, ఆ రెంటినీ కలిపి చూడకూడదు. ఇక్కడ మోకాళ్ల నొప్పి వయసుతోపాటు వచ్చే మామూలు సంగతిగా ఎందుకు చెల్లిపోయిందో తెలియడానికే దీన్ని చెబుతున్నాను.

ఇక్కడి పనంతా నేల మీదే. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు భౌగోళిక గుర్తింపు పొందిన కళ. వాటిని చెక్కే ఆడవాళ్లు రోజంతా కింద కూర్చునే పని చేస్తారు. సోమశిల నీళ్లందే ఆత్మకూరు వైపు నాట్లు, కలుపులు. ఇంట్లో కూర తరగడం, ఊడవడం, నమాజు, పూజ, పల్లెల్లో కట్టిన మరుగుదొడ్డి, అన్నీ మోకాలు మడిస్తేనే సాగుతాయి. కాబట్టి మోకాలు మార్పించుకోవాలని నిర్ణయించుకోవడం చిన్న విషయం కాదు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు గరిష్ఠ ధర అయింది. పన్ను అదనం. అప్పటిదాకా ఆశ వదులుకున్న చాలా ఇళ్లలో మళ్లీ ఆ మాట మొదలైంది. ఉన్నదేదో అమ్మి, కొడుకు దగ్గరో కూతురి దగ్గరో తీసుకుని, మళ్లీ మడిలోకి దిగగలనన్న ఆశతో బల్ల ఎక్కుతారు. చీము చెరిచేది మొదట ఆ ఆశనే.

అసలు జరిగేదేమిటో ముందు చెప్పుకోవాలి. జనం "చిప్పల మార్పిడి" అంటారు గానీ మార్చేది చిప్ప ఒక్కటే కాదు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం పల్చగా కోసి లోహపు తొడుగులు వేస్తారు, వాటి మధ్య గట్టి ప్లాస్టిక్ పెడతారు. ఆ లోహానికి రక్తప్రసరణ ఉండదు. మన చర్మం మీద మామూలుగా బతికే స్టెఫైలోకాకస్ జాతి సూక్ష్మజీవులు ఆపరేషన్ సమయంలో కొద్దిగా దాని మీద పడినా, అక్కడ అతుక్కుని తమ చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. ఆ పొరలోకి మందు సరిగా చొరబడదు, ఒంట్లోని రక్షక కణాలు కూడా ఓడిపోతాయి. నెలల తరబడి చప్పుడు లేకుండా ఉండి ఒకరోజు బయటపడవచ్చు. కొన్నేళ్ల తర్వాత పాదం పుండు నుంచో మూత్రంలో ఇన్ఫెక్షన్ నుంచో రక్తం గుండా కొత్తగా చేరనూ వచ్చు.

ఈ కథలో పప్పుకు చోటెక్కడ? ఎక్కడా లేదు. నిజానికి గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, పేదింట్లో అవి దొరికేది పప్పులోనే. రక్తహీనత, పోషకాహార లోపం ఇన్ఫెక్షన్ ముప్పును పెంచుతాయని వైద్యం చెబుతోంది. చీము పడకూడదని పప్పు మాన్పించిన ఇల్లు తెలియకుండానే గాయానికి బలం తగ్గిస్తోంది. చీము పడితే మళ్లీ ఆ మనిషినే అడుగుతోంది.

ఇంగ్లండులో సర్జన్ జాన్ చార్న్‌లీ 1962లో ఆధునిక తుంటి మార్పిడికి దారి వేశాడు. ఆయన తొలి ఏళ్ల రోగుల్లో నూటికి ఏడుగురి దాకా ఇన్ఫెక్షన్ వచ్చేది. ఆయన వెతికిన చోటు చూడండి. రోగి కంచంలోకి, రోగి అలవాట్లలోకి ఆయన తొంగిచూడలేదు. ఆపరేషన్ గదిలోని గాలిని శుద్ధి చేశాడు, వైద్యుల ఊపిరి గాయం మీద పడకుండా ప్రత్యేక దుస్తులు తొడిగించాడు, చేతి తొడుగుల్లో చిల్లుల గురించి పట్టించుకున్నాడు. కొన్నేళ్లలో ఇన్ఫెక్షన్లు నూటికి ఒకటి కంటే తగ్గాయి. "ఎవరి తప్పు" అన్న ప్రశ్న పక్కన పెట్టి "ఎక్కడి నుంచి వస్తోంది" అని అడిగినప్పుడే ఈ వైద్యం ముందుకు కదిలింది. మన ఇళ్లలో ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నాం.

రోగి వైపు నుంచి ముప్పు పెంచే సంగతులు లేవని చెప్పడం లేదు. అదుపులో లేని షుగరు, పొగ, అధిక బరువు, కిడ్నీ జబ్బు ఉన్నాయి. మూడు నెలల సగటు షుగరు చూసి, ఎక్కువగా ఉంటే ఆపరేషన్ వాయిదా వేయమని అందుకే చెబుతారు. అయితే ముప్పు వేరు, దోషం వేరు. షుగరు ఉన్నవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. అన్నీ సరిగా ఉన్నవాళ్లలో కొందరికి అవుతుంది. ఇంకొక వరస కూడా ఉంది. మోకాలు మార్పించుకున్న, అమెరికాలో వృద్ధులకుండే మెడికేర్ బీమా రోగుల మీద 2012లో వచ్చిన పరిశోధనలో, ఆపరేషన్‌కు ముందే కుంగుబాటు ఉన్నవారికి ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువగా కనిపించింది. కుంగుబాటు ఉన్న మనిషి సరిగా తినదు, నిద్రపోదు, మందు సమయానికి వేసుకోదు. మనసును గురించి అడగడం చీము పట్టాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ఇక చికిత్స. తొలి వారాల్లోనే పట్టుబడితే కీలు తెరిచి కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి, మందులతో ఇంప్లాంటును కాపాడే ప్రయత్నం చేస్తారు. ఆలస్యమైతే ఇంప్లాంటు తీయక తప్పదు. జర్మనీలోని హాంబర్గ్ వైద్యులు 1970లలో ఎముక సిమెంటులో యాంటీబయాటిక్ కలిపి, తీసిన రోజే కొత్తది వేసే పద్ధతిని తెచ్చారు. అమెరికాలో ఇన్సాల్ బృందం 1983లో మరో దారి చెప్పింది. ఒక ఆపరేషన్‌లో తీసి, చీము తగ్గేదాకా ఆగి, రెండో ఆపరేషన్‌లో కొత్తది వేయడం. ఈ రెండంచెల పద్ధతే ఎక్కువ చోట్ల స్థిరపడింది. మధ్య కాలంలో కీలు స్థానంలో మందు కలిపిన సిమెంటు దిమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని స్పేసర్ అంటారు.

ఆ మధ్యకాలం ఆరు వారాలు కావచ్చు, మూడు నెలలు కావచ్చు, ఇంకా ఎక్కువైనా కావచ్చు. చాలామందికి కాలు వంగదు, బరువు మోపనివ్వరు. రక్తపరీక్షలో ఇన్ఫెక్షన్ గుర్తులు తగ్గాయో లేదో తెలిసేదాకా రెండో ఆపరేషన్ తారీకు చెప్పరు. అందరికీ ఆ తారీకు రాదు కూడా. బ్రిస్టల్ పరిశోధకులు తుంటి కీలులో ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ ఆపరేషన్ చేయించుకున్న 19 మందితో కూర్చుని మాట్లాడి 2015లో ఒక వ్యాసం ప్రచురించారు. ఈ విషయం మీద నేను చదివినవాటిలో మనిషికి దగ్గరగా ఉన్నది అదే. నొప్పి, కదల్లేకపోవడం, స్నానానికీ మరుగుకూ ఇంకొకరి మీద ఆధారపడటం, ముందేముందో తెలియకపోవడం కలిసి మనుషులను ఎంత లోతుకు తోశాయో అందులో ఉంది. ఆసుపత్రి తలుపు దాటి ఇంటికి వచ్చాక ఆసరా లేకపోవడం వాళ్లను మరింత ఒంటరివాళ్లను చేసింది.

అదే బృందం బ్రిటన్, స్వీడన్లలోని 15 ఆసుపత్రుల్లో తుంటి ఇన్ఫెక్షన్ వచ్చిన 140 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒకే అంచె ఆపరేషన్‌నూ రెండంచెల ఆపరేషన్‌నూ పోల్చింది. ఫలితం 2022లో వచ్చింది. ఏడాదిన్నర గడిచేసరికి రెండు వర్గాల మధ్య నొప్పిలో, నడకలో తేడా కనబడలేదు. మూడు నెలల దగ్గర మాత్రం ఒకే అంచెలో చేయించుకున్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు. ఖర్చూ తగ్గింది. ఇది తుంటికి సంబంధించినది, మోకాలికి నేరుగా అన్వయించకూడదు, ప్రతి సూక్ష్మజీవికీ ఒకే అంచె సరిపోదు. అయినా నా దృష్టిలో ఆ మూడు నెలల తేడా చిన్నది కాదు. స్పేసర్‌తో మంచానికి అంటుకున్న మనిషికి ఆ మూడు నెలలే ఈ జబ్బంతా.

2019లో ఇంగ్లండు నుంచే మరో మంచి కబురు వచ్చింది. ఎముక, కీళ్ల ఇన్ఫెక్షన్లున్న 1,054 మంది మీద చేసిన ఓవివా పరీక్షలో, తొలి ఆరు వారాలు సరైన మాత్రలు వేసుకున్నవారు సూదిమందు తీసుకున్నవారికంటే ఏమీ తీసిపోలేదని తేలింది. నెల్లూరు నగరంలో ఉన్నవాళ్లకు ఇది సౌకర్యం. ఉదయగిరి వాళ్లకు ఇది ఇంట్లో పడుకోగలగడం. ఆత్మకూరు నుంచి నెల్లూరుకు అరవై కిలోమీటర్లు, ఉదయగిరి నుంచి దాదాపు వంద. ఇన్ఫెక్షన్ వచ్చిన కీలును మళ్లీ మార్చే వైద్యం మండల కేంద్రంలో దొరకదు. నెల్లూరుకో తిరుపతికో చెన్నైకో వెళ్లాలి. వంగని కాలు చాపుకుని బస్సు ఎక్కలేరు, ప్రతిసారీ కారు మాట్లాడుకోవాలి. తోడు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. ఆ లెక్క రోగి మనసులో నడుస్తూనే ఉంటుంది. నొప్పి తిరగబెట్టినా రెండు రోజులు చెప్పకుండా ఓర్చుకునేది అందుకే.

ఉదయగిరి కొండ కింద ఒక ఊళ్లో అరవై ఐదేళ్ల ఆమెను తలచుకుందాం. ఈమె ఫలానా అని చెప్పడానికి లేదు, ఇలాంటి ఇల్లు మీకూ తెలిసే ఉంటుంది. పిల్లలు చెన్నైలో, బెంగళూరులో పని చేసుకుంటున్నారు, ఇంట్లో భర్త, కోడలు ఉన్నారు. ఆపరేషన్ అయిన పది రోజులకు కుట్ల దగ్గర తడి. ఊళ్లో ఆర్.ఎం.పి. కట్టు మార్చి యాంటీబయాటిక్ రాసిస్తాడు. తడి తగ్గుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి పోయింది పైపైన కనిపించే గుర్తు, లోపలిది అలాగే ఉంది. రెండు నెలల తర్వాత కీలు నీరు తీసి పరీక్షకు పంపితే, మందు వాడి ఉన్నందువల్ల సూక్ష్మజీవి దొరకదు, ఏ మందు పని చేస్తుందో తేలదు. కీలు నీరు తీసేదాకా యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదన్న ఒక్క మాట ఎవరూ ఆమెకు చెప్పి పంపలేదు. కానీ మాట పడేది ఆమే. ఆపరేషనే వద్దని ముందే అన్నానంటాడు భర్త. కోడలు ఏమీ అనదు, అయినా గాయం వాసనకు ఆమె ముక్కు ముడవడం కనిపిస్తుంది. ఇన్నేళ్లు అందరికీ వండిపెట్టిన చెయ్యి ఇప్పుడు మరుగుకు వెళ్లడానికి కోడలి భుజం కోసం చాపాలి. దానికంటే నీళ్లు తాగడం తగ్గించుకోవడం నయమనిపిస్తుంది.

మందులు కూడా మాట తెస్తాయి. ఇంప్లాంటు ఉన్నవాళ్లకు స్టెఫైలోకాకస్ మీద రిఫాంపిసిన్ అనే మందు మరో మందుతో కలిపి ఇస్తారు. జిగురు పొరలోకి వెళ్లగలిగే కొద్ది మందుల్లో అది ఒకటి. దానివల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. ముందు చెప్పకపోతే నెత్తురు పోతోందని హడలిపోతారు. పైగా అది క్షయకు వాడే మందు. మందుల షాపులో ఎవరో చూసి "ఇది టీబీ బిళ్ల కదా" అంటారు. సాయంత్రానికి ఊరంతా ఆమెకు టీబీ. చీటీ రాసేటప్పుడు డాక్టరు ఖర్చు చేయాల్సిన ఒక్క నిమిషం ఖర్చు కాకపోవడం వల్ల వచ్చే శిక్ష ఇది.

ఈ జబ్బు ఎంత తీవ్రమైనదో ఇంట్లోవాళ్లకు తెలియకపోవడం మరో దెబ్బ. ఫిలడెల్ఫియా వైద్యులు 2013లో తమ రోగుల లెక్క తీశారు. కీలులో ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఐదేళ్లలో దాదాపు నలుగురిలో ఒకరు చనిపోయారు. ఇన్ఫెక్షన్ లేకుండా వేరే కారణంతో కీలు మళ్లీ మార్పించుకున్నవారిలో అది దాదాపు సగమే. వయసు, తోడున్న జబ్బులు ఈ లెక్కలో కలిసి ఉంటాయి కాబట్టి ఎవరికి వారు దీన్ని చావు కబురుగా తీసుకోకూడదు. క్యాన్సర్ అంటే మాత్రం చుట్టాలందరూ కదిలి వస్తారు, కీలులో చీమంటే "ఇంకా మానలేదా" అంటారు. తన బాధకు గౌరవించే పేరొకటి లేకపోవడం కూడా ఆ మనిషిని ఒంటరిని చేస్తుంది.

డాక్టరు మనసు గురించి కూడా చెప్పాలి. తమ రోగికి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు సర్జన్లకు ఎలా ఉంటుందో స్వీడన్‌లో, బ్రిటన్‌లో అడిగి రాశారు. అపరాధభావం, ఓడిపోయామన్న బాధ, నిద్ర లేకపోవడం వాళ్ల మాటల్లో కనిపించాయి. ఇక్కడ దానికి తోడు కేసు పెడతారేమోనన్న భయం. ఆ భయంతో డాక్టరు మాట తగ్గిస్తాడు. మాట తగ్గితే రోగికి అనుమానం పెరుగుతుంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, చికిత్సలోని ముఖ్యమైన ముప్పులు రోగికి తెలిసేలా చెప్పి సమ్మతి తీసుకోవాలంది. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం చెప్పడం కిందికి రాదు. నూటికి ఒకరిద్దరికి చీము పట్టవచ్చని, పడితే ఏం చేస్తామో ముందే తెలుగులో చెప్పిన డాక్టరు, చీము పట్టిన రోజు ఆ రోగి కళ్లలోకి చూసి మాట్లాడగలడు.

మరి మాట పడ్డ రోగి మనసు ఎక్కడికి పోతుంది? ఈ ప్రాంతంలో చాలామంది అనుమసముద్రంపేట దర్గాకు వెళ్తారు. ఆత్మకూరుకు దగ్గర్లోని ఆ దర్గాకు హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా మనసు చెదిరినవాళ్లను తీసుకొస్తారు, రాత్రుళ్లు అక్కడ నిద్ర చేయిస్తారు. దాన్ని మూఢనమ్మకమని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. అక్కడ ఎవరూ పప్పు తిన్నావా అని అడగరు. బాధను బాధగా ఒప్పుకునే చోటు ఒకటి మనిషికి కావాలి. అయితే కీలులో చీము ఉన్న మనిషి మందు మానేసి అక్కడ ఉండిపోకూడదు. నిద్ర పట్టక, తిండి సహించక, చచ్చిపోతే బాగుండుననిపించే మనిషికి వైద్యం కూడా అందాలి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు, 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు. స్పేసర్‌తో మంచం మీదున్న మనిషికి ఇది సరిగ్గా అతికే సేవ, బస్సెక్కి ఎక్కడికీ పోనక్కరలేదు. ఎముకల వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడు ఈ నంబరు రాసివ్వడం మామూలు కావాలి.

ఇళ్లలోవాళ్లకు ఒక మాట. కుట్లు వేసిన దగ్గర వారం దాటినా తడి ఆగకపోయినా, తగ్గిన నొప్పి మళ్లీ మొదలైనా, కీలు ఎర్రబడి వేడెక్కినా, ఆపరేషన్ చేసిన డాక్టరుకే ఫోన్ చేయండి. జ్వరం లేదు కదా అని ఊరుకోవద్దు, చాలామందికి జ్వరం రాదు. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్యసేవలో ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను ముందే అడగండి. ఆ మనిషి ఎదుట ఖర్చు లెక్క వేయకండి. పప్పు పెట్టండి.

నెల్లూరులో, తిరుపతిలో కీళ్లు మార్చే డాక్టర్లకు నా విన్నపం ఒకటే. ఇంటికి పంపే ప్రతి రోగి చేతిలో తెలుగులో ఒక కాగితం పెట్టండి. ఏ లక్షణం కనిపిస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో, మీరు చూసేదాకా ఏ మందు మొదలుపెట్టకూడదో పెద్ద అక్షరాల్లో రాయండి. చివర ఇంకొక వాక్యం చేర్చండి. "ఇన్ఫెక్షన్ వస్తే అది మీరు తిన్నదానివల్ల వచ్చింది కాదు." మీ సంతకం ఉంటే ఆ వాక్యాన్ని ఇంట్లో ఎవరూ కాదనరు.